ఈనిన గేదె ఎందుకు కూలబడుతుంది?
కణం వాకిట్లో కాల్షియం చేసే పని

సంఘాల సర్వసభ్య సమావేశాలకు మేము వెళ్ళినప్పుడు సభ్యులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "చూడితో ఉన్నన్నాళ్ళూ మా గేదెకు కాల్షియం సీసాలు తాగించాము. తీరా ఈనిన మర్నాడే పాల జ్వరం వచ్చి కూలబడింది. మరి పోసిన కాల్షియమంతా ఏమైనట్లు?"

ఇది న్యాయమైన ప్రశ్న. పాల జ్వరం సాధారణంగా తొలిచూలు పడ్డకు రాదు. మూడు, నాలుగు ఈతలు దాటి, పాలు దండిగా ఇచ్చే పశువుకే వస్తుంది. అంటే ఇంటికి ఆధారమైన పశువే రాత్రికి రాత్రి నేల పట్టేస్తుంది. వేళకు వైద్యం అందకపోతే ఆ పశువు తెల్లవారేసరికి దక్కకపోవచ్చు. అందుచేత ఈ వ్యాధికి మందు ఏమిటో తెలిస్తే సరిపోదు. కాల్షియం శరీరంలో ఏ చోట, ఏ పని చేస్తుందో కూడా సభ్యులు తెలుసుకోవాలి. అది తెలిస్తే పై ప్రశ్నకు జవాబు దానంతటదే దొరుకుతుంది.

రక్తంలో ఉన్నది చిటికెడే

కాల్షియం అనగానే మనకు ఎముకలు, పాలు గుర్తుకు వస్తాయి. నిజమే, పశువు శరీరంలోని కాల్షియంలో 98 శాతానికి పైగా ఎముకలలోను, పళ్ళలోను ఉంటుంది. రక్తంలో ఉండేది బహు స్వల్పం. ఆరోగ్యంగా ఉన్న పశువులో ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తరసంలోను సుమారు 9 నుండి 10 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పెద్ద పశువు రక్తరసంలో ఉన్నదంతా కలిపి లెక్క వేసినా దాదాపు 3 గ్రాములు మించదు. నాలుగు తమలపాకులకు రాసే సున్నమంత అనుకోండి.

ఇక ముర్రుపాల లెక్క చూద్దాం. లీటరు ముర్రుపాలలో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. ఒక్క పూటలో 10 లీటర్ల ముర్రుపాలు ఇచ్చే సంకరజాతి ఆవు 20 గ్రాములకు పైగా కాల్షియాన్ని పాలలోకి పంపుతుంది. రక్తరసంలో ఉన్న దానికి ఇది ఏడెనిమిది రెట్లు. రక్తంలోకి ఎప్పటికప్పుడు కొత్త కాల్షియం రాకపోతే, ఉన్నది మొదటి పూటకే అయిపోవాలి.

ఆ కొత్త కాల్షియం ఎముకల నుండి, పేగులలోని మేత నుండి రావాలి. గొంతు దగ్గర ఉండే చిన్న గ్రంథులు ఒక హార్మోనును విడుదల చేసి ఈ రెండు దారులనూ తెరిపిస్తాయి. అయితే దారులు పూర్తిగా తెరుచుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పొదుగు అన్నాళ్ళు ఆగదు. ఎక్కువ పశువులు ఈనిన మూడు రోజుల లోపునే కూలబడటానికి కారణం ఇదే.

రక్తంలో కాల్షియం తగ్గితే ఎముక మెత్తబడాలి గాని, పశువు లేవలేకపోవడం ఎందుకు? అసలు విషయం ఇక్కడే ఉంది.

కణంలోని తిత్తులు

ఏ జీవి శరీరమైనా కంటికి కనిపించనంత చిన్న కణాలతో కట్టబడినదే. ప్రతి కణం చుట్టూ పలుచని కొవ్వు పొర ఉంటుంది. కణం తాను తయారుచేసిన సరుకును బయటకు పంపవలసి వచ్చినప్పుడు నేరుగా పారబోయదు. సరుకును చిన్న చిన్న తిత్తులలో నింపుతుంది. ఈ తిత్తులకు కూడా అటువంటి కొవ్వు పొరే ఉంటుంది. తిత్తి కణం అంచుకు చేరి, దాని పొర, కణం పొర ఏకమైనప్పుడు లోపలి సరుకు బయటపడుతుంది. పులుసు మీద తేలే రెండు నూనె చుక్కలు పక్కపక్కకు వచ్చి ఒకటైపోవడం మనం రోజూ చూసేదే. ఇదీ అటువంటిదే.

మనం కేంద్రంలో పోసే పాలు కూడా ఇలా వచ్చినవే. పొదుగులోని కణాలు కేసీన్ అనే మాంసకృత్తును తయారు చేసి తిత్తులలో నింపుతాయి. రక్తం నుండి కాల్షియాన్ని తోడి అదే తిత్తులలోకి పంపుతాయి. అక్కడ కేసీన్, కాల్షియం, భాస్వరం కలిసి సన్నని రేణువులుగా కడతాయి. పాలకు తెల్లదనం చాలావరకు ఈ రేణువుల వల్లనే వస్తుంది. తిత్తులు కణం అంచున తెరుచుకుని పొదుగు గదులలోకి పాలను వదులుతాయి. వెన్న బొట్లు మాత్రం మరో పద్ధతిలో, కణం పొరనే కొంత చుట్టుకుని బయటకు వస్తాయి.

నరం చివర కూడా ఇటువంటి తిత్తులే ఉంటాయి. అవి ఎంత చిన్నవంటే, 20,000 తిత్తులు వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు పొడవు వస్తుంది. కండరాన్ని కదిలించే నరం చివర ఉన్న తిత్తులలో ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం ఉంటుంది. గేదె లేచి నిలబడాలంటే మెదడు నుండి వచ్చిన ఆజ్ఞ నరం వెంబడి చివరిదాకా రావాలి. అక్కడ తిత్తులు తెరుచుకోవాలి. వాటిలోని పదార్థం కండరానికి తగలాలి. అప్పుడే కండరం బిగుసుకుంటుంది.

తిత్తిని తెరిచే ఆజ్ఞ ఇచ్చేది కాల్షియం. కణం వెలుపల కాల్షియం కణం లోపల కంటే దాదాపు పదివేల రెట్లు ఎక్కువగా ఉంటుంది. నరం వెంట ఆజ్ఞ వచ్చిన క్షణంలో నరం చివర ఉన్న సన్నని ద్వారాలు తెరుచుకుంటాయి. బయటి కాల్షియం లోపలికి ఉరుకుతుంది. సెకనులో వెయ్యో వంతు కాలంలో తిత్తులు తెరుచుకుంటాయి. తిత్తుల గురించి, కాల్షియం గురించి ఈ సంగతులను ఇంగ్లండులో బెర్నార్డ్ కాట్జ్, ఆయన సహచరులు కప్ప నరాల మీద ప్రయోగాలు చేసి తేల్చారు. కాట్జ్‌కు 1970లో నోబెల్ బహుమతి లభించింది.

కాల్షియాన్ని గుర్తుపట్టే మాంసకృత్తులు

కాల్షియం లోపలికి వచ్చిన సంగతి తిత్తికి ఎలా తెలుస్తుంది? కొన్ని ప్రత్యేకమైన మాంసకృత్తుల ద్వారా తెలుస్తుంది. వీటిని కనిపెట్టడంలో పశువులకే ముఖ్యమైన పాత్ర ఉంది.

పశువు మూత్రపిండాల దగ్గర ఎడ్రినల్ గ్రంథులు ఉంటాయి. పశువు బెదిరినప్పుడు ఎడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదిలేవి ఇవే. ఈ గ్రంథి కణాల నిండా ఎడ్రినలిన్ తిత్తులు ఉంటాయి. ఆవు గ్రంథి పెద్దది కాబట్టి తిత్తులను వేరుచేసి పరిశీలించడం తేలిక. 1978లో అమెరికాలో క్రూట్జ్, పజోల్స్, పోలార్డ్ అనే శాస్త్రజ్ఞులు ఆవు ఎడ్రినల్ గ్రంథి నుండి ఒక మాంసకృత్తును వేరుచేశారు. దానిని తిత్తులతో కలిపినంత మాత్రాన ఏమీ జరగలేదు. కాల్షియం కూడా చేర్చగానే తిత్తులు ఒకదానికొకటి అంటుకున్నాయి. దానికి సైనెక్సిన్ అని పేరు పెట్టారు. కాల్షియం ఉన్నప్పుడు తిత్తి పొరను పట్టుకునే మాంసకృత్తులు మరెన్నో ఉన్నాయని 1983లో క్రూట్జ్ బృందం చూపింది. 1990 ప్రాంతంలో సైనెక్సిన్‌కు, దానిని పోలిన మాంసకృత్తులకు కలిపి అనెక్సిన్లు అనే ఇంటిపేరు స్థిరపడింది.

వీటి పని తీరు ఇలా ఉంటుంది. కొవ్వు పొరల లోపలి వైపున ఋణ విద్యుత్తు ఉంటుంది. కాల్షియంలో ఉండేది ధన విద్యుత్తు. మాంసకృత్తులో కాల్షియం ఇమిడే గూళ్ళు ఉంటాయి. గూళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు మాంసకృత్తు పొరకు అంటదు. గూళ్ళలో కాల్షియం చేరగానే అది పొరను గట్టిగా పట్టుకుంటుంది. కాల్షియం తొలగితే మళ్ళీ వదిలేస్తుంది. గొళ్ళెం ఒకటే అయినా కాల్షియం ఉంటేనే పడుతుందన్నమాట.

నరం చివర ఈ పని చేసే ముఖ్యమైన మాంసకృత్తు సైనాప్టోటాగ్మిన్. ఇది అనెక్సిన్ల కుటుంబానికి చెందినది కాదు గాని కాల్షియంతో పొరను పట్టే సూత్రం రెండింటికీ ఒకటే. ఇది తిత్తి పొరలోనే నాటుకుని కాల్షియం కోసం కాచుకుని ఉంటుంది. కాల్షియం తగలగానే కణం పొరలోకి దిగి, అక్కడ ముందే సిద్ధంగా ఉన్న మరికొన్ని మాంసకృత్తులతో కలిసి తిత్తిని తెరిపిస్తుంది. ఈ విషయం 1990 దశకంలో రుజువైంది. ఈ పరిశోధనలో ప్రముఖుడైన థామస్ సూధాఫ్‌కు, తిత్తుల రవాణాను వివరించిన రాత్‌మన్, షెక్‌మన్‌లతో పాటు 2013లో నోబెల్ బహుమతి లభించింది.

పాడి రైతు గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటి ఇందులో ఉంది. ఒక్క కాల్షియం అణువుతో తిత్తి తెరుచుకోదు. ఇంచుమించు నాలుగు ఒకేసారి తగలాలి. అందువల్ల కప్ప నరం మీద 1967లో జరిగిన ప్రయోగాలలో వెలుపలి కాల్షియాన్ని సగానికి తగ్గిస్తే తిత్తుల విడుదల సగం కాలేదు, సుమారు పదహారో వంతుకు పడిపోయింది. గేదెలో లెక్క అచ్చంగా ఇంతే ఉండనక్కరలేదు. కాని సూత్రం ఇదే. కాల్షియం కొద్దిగా తగ్గినప్పుడు పశువు తట్టుకుంటుంది. ఒక హద్దు దాటి తగ్గిందంటే ఒక్కసారిగా కూలబడుతుంది.

చేపడం, బెదరడం

పాలు చేపడం కూడా తిత్తుల పనే. దూడ మూతి తగిలినా, మీరు పొదుగు కడిగి చన్నులు నిమిరినా ఆ కబురు నరాల ద్వారా మెదడుకు పోతుంది. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథిలో ఆక్సిటోసిన్ తిత్తులు సిద్ధంగా ఉంటాయి. కాల్షియం లోపలికి చేరగానే అవి తెరుచుకుంటాయి. ఆక్సిటోసిన్ రక్తంలో కలిసి పొదుగుకు చేరి, పాల గదుల చుట్టూ ఉన్న కణాలను బిగిస్తుంది. ఆవులో ఇందుకు సుమారు ఒక నిమిషం పడుతుంది. గేదెలో ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. గేదె దగ్గర తొందర పనికిరాదని పెద్దలు చెప్పేది అందుకే.

కర్రతో అదిలించినా, కొత్త మనిషి కూర్చున్నా, కుక్క మీదికి వచ్చినా ఎడ్రినల్ గ్రంథిలోని తిత్తులు తెరుచుకుంటాయి. సైనెక్సిన్ దొరికినది ఈ గ్రంథిలోనే. ఎడ్రినలిన్ చేపును అడ్డుకుంటుంది. అప్పుడు గేదె పాలు ఎగబట్టిందని మనం కొడితే ఎడ్రినలిన్ మరింత పెరుగుతుంది. మచ్చిక, నిదానం, రోజూ ఒకే వేళ, ఒకే చెయ్యి — ఇవే చేపుకు మందు. చేపు కోసం రోజూ సూదులు పొడవడం పశువుకు హాని, చట్టరీత్యా కూడా తప్పే.

పాల జ్వరంలో జరిగేది

ఇప్పుడు ఈనిన పశువు దగ్గరకు వద్దాం. పొదుగు కాల్షియాన్ని తోడుకుపోతున్నది. నరాల చివరలకు కావలసినదీ ఆ చిటికెడే.

మొదటి దశలో పశువు నిలకడగా ఉండదు. కండరాలు అదురుతాయి, పళ్ళు కొరుకుతుంది, నడక తూలుతుంది. నరాల చుట్టూ కాల్షియం తగ్గితే వాటి పొర చీటికీ మాటికీ ఉలిక్కిపడుతుంది. అదుర్లు అందువల్ల వస్తాయి. ఈ దశ కొద్దిసేపే ఉంటుంది కాబట్టి చాలామంది గమనించరు.

రెండవ దశలో నరం చివర తిత్తులు తెరుచుకోవడం తగ్గిపోతుంది. ఆజ్ఞ వస్తుంది గాని కండరానికి అందదు. పశువు కూర్చుండిపోయి తలను డొక్క వైపు తిప్పి పెడుతుంది. ముట్టె పొడిబారుతుంది. చెవులు, కాళ్ళు చల్లబడతాయి. నెమరు ఆగుతుంది, పేడ వేయదు. పేరులో జ్వరం ఉన్నా ఒళ్ళు వేడెక్కదు, సాధారణంగా చల్లబడుతుంది.

మూడవ దశలో పశువు పక్కకు ఒరిగిపోతుంది, కడుపు ఉబ్బుతుంది, స్పృహ తప్పుతుంది. గుండె కండరానికీ కాల్షియం కావాలి కాబట్టి నాడి సన్నగిల్లుతుంది. ఇక్కడ గంటలే లెక్క.

కూలబడనంత మాత్రాన ప్రమాదం లేదనుకోరాదు. కాల్షియం కొంత తగ్గిన పశువులో గర్భసంచి సరిగా ముడుచుకోదు, మాయ ఆలస్యంగా పడుతుంది. చన్ను చివరి రంధ్రం గట్టిగా మూసుకోదు, పొదుగు వాపు రావడానికి దారి ఏర్పడుతుంది. మేత తగ్గుతుంది.

సూది మందు ఎలా పనిచేస్తుంది

ఒకప్పుడు ఈ వ్యాధి వస్తే సగానికి పైగా పశువులు చనిపోయేవి. 1897లో డెన్మార్కులో ష్మిట్ అనే పశువైద్యుడు పొదుగులోకి మందు ద్రావణం ఎక్కించి చాలా పశువులను బతికించాడు. తరువాత వట్టి గాలి ఎక్కించినా గుణం కనిపించింది. పొదుగు నిండితే పాలు ఊరడం ఆగుతుంది, కాల్షియం రక్తంలోనే మిగులుతుంది. కాని ఆ రోజులలో కారణం ఎవరికీ తెలియదు. రక్తంలో కాల్షియం పడిపోవడమే మూలమని 1925లో బ్రిటనులో బయటపడింది. అక్కడి నుండి కాల్షియం సూది మందు వాడుకలోకి వచ్చింది. పొదుగుకు గాలి ఎక్కించడం వల్ల పొదుగు వాపు వస్తుంది కాబట్టి ఇప్పుడు ఎవరూ ఆ పని చేయరాదు.

కాల్షియం బోరోగ్లూకోనేట్‌ను నరానికి ఎక్కించిన కొన్ని నిమిషాలకే పశువు త్రేన్చడం, పేడ వేయడం, ముట్టె మీద చెమ్మ రావడం, లేచి నిలబడటం మనం చూస్తాము. మంత్రం వేసినట్లు ఉంటుంది. తిత్తులు, వాటిలోని సరుకు, గొళ్ళెం వంటి మాంసకృత్తులు అన్నీ చెడకుండానే ఉన్నాయి. రావలసిన కాల్షియం వచ్చింది, పని మొదలైంది.

ఇందువల్లనే ఒక హెచ్చరిక. కాల్షియాన్ని వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. పశువైద్యుడు గుండె చప్పుడు వింటూ నెమ్మదిగా ఎక్కించవలసిన మందు ఇది. తెలిసీ తెలియని వారి చేత పొడిపించవద్దు.

కూలబడిన ప్రతి పశువుకూ పాల జ్వరమే అనుకోకూడదు. బొటులిజం అనే విషవ్యాధిలో కూడా పశువు ఇలాగే చచ్చుబడిపోతుంది. భాస్వరం లోపించిన పశువులు కళేబరాల ఎముకలు నమలడం వల్ల ఇది రావచ్చు. ఆ విషం తిత్తిని కణం పొరతో కలిపే మాంసకృత్తులనే తెగ్గొడుతుందని 1990 దశకంలో తెలిసింది. గొళ్ళెమే తెగిపోయినప్పుడు ఎంత కాల్షియం ఎక్కించినా లాభం ఉండదు. పశువు ఈని చాలా రోజులైనా, ఒకేసారి రెండు మూడు పశువులు పడిపోయినా ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పండి.

సభ్యులు పాటించవలసినవి

ఈనడానికి ముందు: చివరి మూడు వారాలలో అదనంగా కాల్షియం సీసాలు తాగించవద్దు. లూసర్న్ వంటి పప్పుజాతి పచ్చిమేతను తగ్గించండి. మేతలో కాల్షియం పుష్కలంగా ఉంటే గొంతు దగ్గరి గ్రంథులకు పని ఉండదు, ఎముకల దారి మూతబడే ఉంటుంది. పొటాషియం ఎక్కువగా ఉన్న మేత కూడా ఆ హార్మోను పనిని మందగింపజేస్తుంది. మెగ్నీషియం మాత్రం లోపించరాదు. ఏ ఖనిజ లవణ మిశ్రమం ఎంత పెట్టాలో, ఇదివరకు పాల జ్వరం వచ్చిన పశువుకు అమ్మోనియం క్లోరైడు వంటి లవణాలు ఇవ్వాలో వద్దో పశువైద్యుని అడిగి తెలుసుకోండి.

ఈనిన తరువాత: కాల్షియం అవసరమయ్యేది ఇప్పుడు. నిలబడి, మేత తింటూ, చక్కగా మింగగల పశువుకు వైద్యుని సలహాతో నోటి ద్వారా ఇవ్వవచ్చు. దూడకు ముర్రుపాలు తప్పక తాగించండి. మొదటి మూడు రోజులు రాత్రి పూట కూడా ఒకసారి లేచి పశువును చూడండి.

కూలబడితే: వెంటనే వైద్యునికి కబురు పంపండి. పక్కకు ఒరగకుండా గడ్డి మోపులు ఆనించి రొమ్ము మీద కూర్చోబెట్టండి. గచ్చు మీద ఉంటే కింద మెత్తగా గడ్డి పరచండి. మూడు నాలుగు గంటలకు ఒకసారి పక్క మార్చండి. నోట్లో నీళ్ళు, గంజి, మందు ఏదీ పోయవద్దు. మింగే కండరాలూ చచ్చుబడి ఉంటాయి, పోసినది ఊపిరితిత్తులలోకి పోతుంది. పాల జ్వరం నుండి తేరుకున్న పశువు ఇలా పోసిన సీసా వల్ల చనిపోవడం ఉంది.

లేచిన తరువాత: ఆ రోజు పొదుగు పూర్తిగా పిండవద్దు. మళ్ళీ కూలబడవచ్చు కాబట్టి రెండు రోజులు కనిపెట్టి ఉండండి.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. చూడి నెలలలో పోసిన కాల్షియంలో చాలా భాగం పేడలో పోయింది. కొంత ఎముకలలో చేరింది. పశువుకు కావలసినది ఈనిన ఆ రెండు రోజులలో, రక్తంలో, నరం చివర తిత్తుల వాకిట్లో. అక్కడికి వేళకు అందేటట్లు శరీరాన్ని ముందే సిద్ధం చేయడం మన చేతిలో ఉంది.

ఈ నెలలో ఈనవలసిన పశువులు ఉన్న సభ్యులు ఆ వివరాలను తమ సంఘ కార్యదర్శి వద్ద నమోదు చేయించవలసిందిగాను, పశువైద్యుని ఫోను నంబరును కొట్టంలో అందరికీ కనిపించే చోట రాసి ఉంచవలసిందిగాను కోరుతున్నాము.